ఆరో ముడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అంకెలు రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. తాతకూ నాయనకూ లెక్కంతా నోటిమీదే. నేను బడిలో మూడో తరగతి. అప్పట్లో మా కొమరోలు దిక్కు కర్నూలు జిల్లాలో ఉండేది, ఆ పైన మద్రాసు ప్రభుత్వం. రెండేళ్లు వరుసగా వానల్లేక జొన్న, కొర్ర చేలోనే మాడిపోయాయి. మూడో ఏడు నాయన చేలో బావి తవ్వడం మొదలుపెట్టాడు.

నీళ్లు చూసే మనిషి ఒకడు పొదిలి వైపు నుంచి వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి ఒకచోట ఆగాడు. "ఆరు మట్లలోపల పడాల. పడలేదంటే ఈ చేలో లేవనుకో" అని చెప్పిపోయాడు. మా వైపు బావి లోతు మట్లలోనే చెప్పేవారు. ఒక మట్టంటే ఒక మనిషి నిలువు. నాయన మొదటి గడ్డపార దించేటప్పుడే ఇంటివాళ్లందరి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. ఆరు మట్లు దాటి ఒక్క దెబ్బ వెయ్యడు. నీళ్లు పడకపోతే ఎద్దులు అమ్మేసి, అందరం కృష్ణ కాలువల కిందికి కూలికి పోవడమే. అంటే నాకు బడి ఉండదు. ఆ మాట నాకెవరూ చెప్పలేదు, కానీ అర్థమైంది.

మూడు మట్లు మట్టి వచ్చింది, ఆ తర్వాత అంతా రాయి. లోపల నాయన, చిన్నాయన కొట్టేవారు. రాళ్లు నింపిన గంపకు కట్టిన తాడును గిలక మీదుగా తెచ్చి, అమ్మ, పిన్నమ్మ భుజాన వేసుకునేవారు. బావికి వీపు పెట్టి చేలోకి నడిచిపోతే గంప పైకి వచ్చేది. తాత దాన్ని అందుకుని ఒడ్డున కుమ్మరించేవాడు. మళ్లీ వెనక్కి నడిస్తే గంప దిగేది. పొద్దుగూకేదాకా అదే నడక.

తాతకు ఇంకో పని ఉండేది. ప్రతి సోమవారం బావి కొలిచేవాడు. కిత్తనార తాడు, దాని కొసకు ఒక రాయి, మట్టుకొక ముడి. తాత తాడు వదులుతుంటే ఎన్ని ముళ్లు లోపలికి పోయాయో లెక్కపెట్టి పలక మీద రాయడం నా వంతు. నాకది బడికంటే ఇష్టమైన పని.

చిక్కంతా ఐదున్నర దగ్గర వచ్చింది. ఒక సోమవారం ఐదున్నర. మరుసటి సోమవారం కూడా ఐదున్నర. ఆపై మూడు వారాలకు కలిపి నాలుగు వేళ్లు కదిలింది. ఒడ్డున రాళ్ల కుప్ప మాత్రం పెరుగుతూనే ఉంది. నేను తప్పు లెక్కపెడుతున్నానేమోనని మొదట భయపడ్డాను. బడిలో అయ్యవారు నా కూడికలు కొట్టేసిన రోజులవి. తర్వాత, పైనుంచి తీసినకొద్దీ అడుగున భూమి ఉబ్బుతుందేమో అనుకున్నాను. పిండి పులిస్తే పొంగినట్టు. ఆ అనుమానం పిన్నమ్మతో చెబితే, "ఉబ్బేది భూమి కాదు, నా భుజం" అన్నది.

చిన్నాయన ఒకరోజు పైకొచ్చి, మజ్జిగ తాగుతూ, "నాయనా, నీ తాడు మన మైల ఎద్దు కంటే మొండిది. ఎంత తోలినా ఐదున్నర దాటదేంది?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన మాటకు ఎందుకు నవ్వలేదో నాకు అంతుబట్టలేదు.

అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. గంప ఎంత లోతుకు దిగితే అమ్మ అంత దూరం నడవాలి. గట్టు మీద కూర్చుని అమ్మ అంగలు లెక్కపెట్టాను. బరువుతో వేసేవి కాబట్టి చిన్న అంగలు. ఐదున్నర మొదటిసారి వచ్చిన వారం ఊసుపోక లెక్కపెట్టినప్పుడు అమ్మ ఇరవై అంగలకు ఆగేది. ఇప్పుడు ఇరవై ఆరు వేస్తున్నది. తాడు బావి కదలలేదంటున్నది, అమ్మ కాళ్లు కదిలిందంటున్నాయి. రెండూ నిజం కావడానికి వీల్లేదు.

ఆ సోమవారం కొలతకు ముందే కొట్టంలోకి పోయి, గుంజకు వేలాడుతున్న తాడు దించి చూశాను. ముడికీ ముడికీ నడుమ తాడు ఒకచోట మెలిపడి, నలిగి ఉంది. అక్కడ ఒకప్పుడు ముడి ఉండేది. ప్రతి ముడికీ కింద, రాయి వైపు, అట్లాంటి మెలే కనిపించింది. చూస్తుండగానే తాత లోపలికి వచ్చాడు.

"ఏందమ్మా, తాడును అట్ల చూస్తాండావు?"

"ముళ్లు జరిగినాయి తాతా."

తాత గాటి పక్కన కూర్చున్నాడు. కోపం రాలేదు. "మీ నాయన ఆరని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు తప్పమంటే వాడు తప్పడు. అందుకని ఆరునే కొంచెం అవతలికి జరిపినా" అన్నాడు.

"మరి అది అబద్ధం కాదా?"

"అబద్ధమే. నీళ్లు పడితే నేను చెప్తాలే వానికి."

"పడకపోతే?"

తాత ఎద్దు మూతి నిమురుతూ కూర్చున్నాడు.

నేను పరుగున అమ్మ దగ్గరికి పోయాను. అమ్మ తాడు దించి, చెమట తుడుచుకుంటూ విన్నది. "నువ్వు ఇప్పుడు లెక్కపెట్టినావు. రోజూ నడిచే నా కాళ్లకు తెలీదా?" అన్నది. "నోరు మూసుకో. లేదంటే మీ నాయనకు చెప్పుకో. నీ ఇష్టం."

అది మరీ గందరగోళం. అమ్మకు తెలుసు, పిన్నమ్మకు తెలిసే ఉంటుంది, చిన్నాయన మాట కూడా అదే. మరి తాడు ఎవరిని మోసం చేస్తున్నట్టు? మిగిలింది నాయన ఒక్కడే. కానీ లోపలికి దిగేందుకు రాతిలో కాలు మోపే గుంటలు చెక్కింది నాయనే. రోజూ వాటి మీద దిగి ఎక్కేవాడికి ఎన్ని గుంటలో తెలియదా?

మధ్యాహ్నం తాత తాడు వదిలాడు. నేను లెక్కపెట్టాను. నాయన పైకి వచ్చి, ముంతెడు నీళ్లు గటగటా తాగి, ఎప్పుడూ లేనిది తాతను కాక నన్ను అడిగాడు. "పాపా, నువ్వు చెప్పు. ఎంతయింది?"

అందరూ ఎటో చూస్తున్నారు. తాత తాడు చుడుతున్నాడు. అమ్మ పైట కొంగుతో మెడ తుడుచుకుంటున్నది. నిజం చెబితే గడ్డపార ఆ క్షణమే ఆగిపోతుంది. చెప్పకపోతే, నీళ్లు లేని రాయిని నాయన చేత నేనే కొట్టిస్తున్నదాన్నవుతాను. అరచేతుల్లో పగిలిన చర్మానికి ఆయన చుట్టుకున్న గుడ్డలు నా ఎదురుగానే ఉన్నాయి. ఆ వయసులో మోయాల్సిన బరువు కాదది.

"ఐదున్నర మీద ఒక జానెడు నాయనా" అన్నాను.

నాయన నా ముఖం చూశాడు. తర్వాత చేలో అమ్మ కాళ్లు తొక్కి తొక్కి గట్టిపడిన బాట మీదికి చూపు తిప్పి, దాని కొసదాకా చూశాడు. "అట్లనా. ఇంకా ఉందిలే అయితే" అని మళ్లీ దిగిపోయాడు.

పదకొండో రోజున గడ్డపార తడిగా పైకి వచ్చింది. పక్కగోడలో సన్నటి నెర్రె నుంచి నీళ్లు కారి, తెల్లారేసరికి మోకాటిలోతు నిలిచాయి. ఊరంతటికీ చాలే నీళ్లు కావు, మా నాలుగు మడులకు చాలాయి. మేము వలస పోలేదు. నేను చదువు మానలేదు. తాత తన మాట ప్రకారం నాయనకు చెప్పాడో లేదో నాకు తెలియదు. నాయన మాత్రం బతికినంత కాలం, ఎవరడిగినా, ఆరు మట్లకే పడ్డాయని చెప్పేవాడు. పెద్దయ్యాక ఒకసారి నేను అడగబోయాను. ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

ఆ రోజు నేను చేసింది మంచో చెడో ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు. నీళ్లు పడ్డాయి కాబట్టి ఇప్పుడు దాన్ని ధైర్యం చెప్పడమని అనుకోవచ్చు. పడకపోయి ఉంటే అదే మాట పాపం అయ్యేది. నా నోట వచ్చిన మాటలో తేడా ఏమీ ఉండేది కాదు.

పదహారో ఏట మొదలుపెట్టిన డైరీలు నా దగ్గర వరుసగా ఉన్నాయి. మా ఆయన మంచాన పడిన మూడేళ్లూ ఒక్క రోజు వదలకుండా రాశాను. ఈ రోజు రెండు ఇడ్లీలు తిన్నారు. ఈ రోజు వసారా దాకా నడిచారు. డాక్టరు ఇంకెన్ని నెలలని చెప్పిందీ నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ అంకె మాత్రం ఏ పుటలోనూ వేయలేదు. అది గుండె నిబ్బరమో, నన్ను నేను మభ్యపెట్టుకోవడమో ఇప్పటికీ చెప్పలేను. తేల్చుకోకుండానే ప్రతి రాత్రీ మరుసటి పుట తిప్పి, రేపటి తేదీ వేసి పెట్టి పడుకున్నాను.