ఫోను పెట్టేయడం నేర్చుకున్న మోడెమ్

పెళ్ళయిన కొత్తలో మా అత్తకి ఇల్లంటే రెండు గదులు, మొగుడంటే ఫోనులో వినబడే గొంతు. మావయ్య గూడ్సు బండికి గార్డు. ఆ బండి ఏ స్టేషన్లో ఎంతసేపు పడి ఉంటుందో స్టేషన్ మాస్టర్లకే సరిగ్గా తెలిసేది కాదు. ఇంట్లో ఫోను లేదు. అత్త టైపు చేసే పత్రికాఫీసులో ఉండేది. అందుకని పొద్దు వాలే వేళకి బండి ఎక్కడ ఆగితే అక్కడ దిగి, స్టేషన్ బయట బూత్ వెతుక్కుని ఆయన ఆ ఆఫీసుకి ఫోను చేసేవాడు.

"టీ తాగావా?"

"తాగానండీ. మీరు?"

అంతకు మించి పెద్దగా ఏమీ మాట్లాడుకునేవారు కాదట. ఆ మాత్రం దానికే అత్త మధ్యాహ్నం నుంచీ గడియారం వైపు చూస్తూ ఉండేది.

ఆఫీసు అంటే మెట్లెక్కి వెళితే వచ్చే ఒక పొడుగాటి గది. కింద రేడియో రిపేరు కొట్టు. పైన వీధి వైపు కిటికీ, కిటికీ పక్కన అత్త బల్ల, ఎదురుగా బ్యూరో పెద్దాయన కుర్చీ. విలేకరులు రాసిచ్చిన వార్తలన్నీ కంప్యూటర్లో కొట్టి సాయంత్రానికి హెడ్డాఫీసుకి పంపడం అత్త పని. అంతకుముందు కవర్లో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. తర్వాత మోడెమ్ వచ్చింది. కంప్యూటర్లో కొట్టిన వార్తల్ని ఫోను తీగ మీద పంపే, పుస్తకమంత నల్ల పెట్టె, ముందు వరసగా ఎర్ర దీపాలు. ఆఫీసుకున్న ఒక్క ఫోను లైనూ దానికే కలిపారు. మొదటిసారి అది హెడ్డాఫీసుని అందుకుని కీచుమని, గరగరమని అరుస్తుంటే పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి చూశాడట.

"జలుబు చేసిందా ఏంటమ్మా దీనికి?"

బిగించడానికి వచ్చిన కంపెనీ కుర్రాడు "దీన్ని ఎప్పుడూ ఆపకండి, ఏదీ కదపకండి" అని చెప్పి వెళ్ళాడు. అత్త ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. రోజూ వార్తలు పంపేది, ప్రోగ్రాం మూసేది, కాగితాలు సర్దుకుని మావయ్య ఫోను కోసం కూర్చునేది. ఫోను మోగేది కాదు. బండి ఎక్కడో అడవిలో సిగ్నల్ కోసం నిలబడి ఉంటుందిలే అని సరిపెట్టుకుని ఇంటికి వెళ్ళేది.

డ్యూటీ దిగి వచ్చాక మావయ్య మొదట నవ్వుతూనే అడిగాడు. "ఏంటోయ్, ఊళ్ళో కబుర్లన్నీ నీ ఫోనులోనేనా? ఎప్పుడు చేసినా ఎంగేజే!"

అత్త తెల్లబోయింది. తను ఎవరితోనూ మాట్లాడలేదంది. ఆయన సరేలెమ్మన్నాడు. తర్వాతి ట్రిప్పులోనూ అదే తంతు. ఆసారి ఇంటికొచ్చి నవ్వలేదు. భోజనం చేశాడు, పళ్ళెం కడిగి పెట్టాడు, చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని అన్నాడు.

"నాతో మాట్లాడ్డం విసుగనిపిస్తే చెప్పెయ్. రిసీవర్ తీసి పక్కన పెట్టక్కర్లేదు."

అనుమానిస్తే పోట్లాడి ఉండేదాన్ననీ, ఆయన చిన్నబుచ్చుకున్నాడు కాబట్టే ఏం చెయ్యాలో తోచలేదనీ అత్త ఇప్పటికీ అంటుంది.

మర్నాడు వార్తలు పంపి, ప్రోగ్రాం మూసి, ఎప్పుడూ చెయ్యని పని చేసింది. రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. డయల్ టోన్ లేదు. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఒకటే చరచర. పంపడం ఎప్పుడో అయిపోయింది, మోడెమ్ మాత్రం ఇంకా ఫోను పెట్టలేదు. అవతలి మోడెమ్ కూడా ఇది పెడితే తప్ప పెట్టదు; రాత్రి ఎప్పుడో హెడ్డాఫీసు వాళ్ళు దాన్ని ఆపేదాకా ఇంతే. వెళ్ళొస్తామంటూనే గుమ్మంలో గంటసేపు నిలబడే చుట్టాల్లా రెండూ లైను పట్టుకుని ఉన్నాయి.

అత్త ఆ పూటకి మోడెమ్ స్విచ్ ఆపేసింది. పొద్దున్నే మళ్ళీ వేసి, హెడ్డాఫీసు మెకానిక్కి ఫోను చేసింది. ఆయన ఓపిక గలవాడు.

"దీపాల్లో టీ.ఆర్. అని ఒకటుంటుంది చూడండమ్మా. వెలుగుతోందా?"

"వెలుగుతోందండి."

"కంప్యూటర్ ఆపెయ్యండి. ఇప్పుడో?"

"ఇప్పుడూ వెలుగుతూనే ఉందండి."

"అదిగో, తిరకాసు అక్కడుంది. 'నేనున్నాను, సిద్ధంగా ఉన్నాను' అని కంప్యూటర్ ఒక తీగ మీద మోడెమ్‌కి చెబుతూ ఉంటుంది. అది ఆగిపోతే మోడెమ్ ఫోను పెట్టెయ్యాలి. మీ మోడెమ్ ఆ తీగని లెక్కచెయ్యట్లేదు. కంప్యూటర్ చచ్చినా బతికే ఉందనుకుంటోంది. వెనక చిన్న మీటలుంటాయి, మొదటిది పైకి నెట్టండి."

బియ్యపు గింజంత మీట. జడపిన్నుతో నెట్టింది. సాయంత్రం వార్తలు పంపబోతే మోడెమ్ ఉలకలేదు, పలకలేదు. టీ.ఆర్. దీపం అసలు వెలగనే లేదు. పెద్దాయన నెత్తి పట్టుకున్నాడు. ఆ రోజు వార్తలు మళ్ళీ బస్సెక్కాయి.

"ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచమ్మా తల్లీ! పని అవ్వగానే స్విచ్ ఆపేస్తే పోలా?"

"నేను లేని రోజు ఎవరు ఆపుతారండీ? మాట అయిపోయిందని దానికే తెలియాలి" అంది అత్త.

కంప్యూటర్ నుంచి మోడెమ్‌కి వెళ్ళే కేబుల్ ఊడదీసుకుని మెట్లు దిగి రేడియో కొట్టుకి వెళ్ళింది. రేడియో తాత దాని మూతలు విప్పి భూతద్దంలో చూశాడు. ఒక కొసన ఇరవయ్యో పిన్నుకి తీగే లేదు. కంప్యూటర్ సిద్ధమని చెప్పాల్సిన పిన్ను అదే. తీగ లేదు కాబట్టి మోడెమ్ పలకలేదు, మోడెమ్ పలకలేదని కంపెనీ కుర్రాడు ఆ మీట కిందికి నొక్కి, సిద్ధంగా ఉన్నట్టే అనుకోమని దానికి నచ్చజెప్పి వెళ్ళాడన్నమాట.

తాత చేతులు అప్పటికే వణుకుతున్నాయి. అందుకని తీగలు అతికే సోల్డరింగ్ ఇనుము అత్త చేతికే ఇచ్చి, ఎక్కడ ఆనించాలో వేలితో చూపించాడు. సోల్డరింగ్ పొగకి ఇద్దరికీ కళ్ళు మండాయి. మొదటిసారి సీసం పక్క పిన్ను మీదికి జారింది. గీకి మళ్ళీ అతికించింది.

ఆ సాయంత్రం ప్రోగ్రాం తెరవగానే టీ.ఆర్. దీపం వెలిగింది. హెడ్డాఫీసు అందగానే పక్కనే ఉన్న సీ.డీ. దీపమూ వెలిగింది. అవతలి మోడెమ్ గొంతు వినబడుతోందని దానర్థం. వార్తలు వెళ్ళాయి. అత్త ప్రోగ్రాం మూసింది. టీ.ఆర్. ఆరింది. మోడెమ్ లోపల టక్కుమని చిన్న చప్పుడు, సీ.డీ. కూడా ఆరింది. రిసీవర్ ఎత్తింది. డయల్ టోన్! అంత కమ్మగా ఏ సంగీతమూ వినలేదంటుంది. గబగబా పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పెద్దాయన చొక్కా తగిలించుకుంటూ వెళ్ళబోతుండగా ఫోను మోగింది. అటు పక్క మావయ్య. మోగుతుందని అనుకోలేదు పాపం. వెనక ఇంజన్ల రొద.

అత్తే అడిగింది. "టీ తాగారా?"

"ఇంకా లేదు. ఎవరెత్తారో అనుకున్నా" అన్నాడు.

తీగ సంగతి, మీట సంగతి, తాత సంగతి అంతా గడగడా చెప్పేసింది. ఆయనకి సగం అర్థం కాలేదు. బూత్ వాడు తొందరపెడుతున్నా పెట్టబుద్ధి కాలేదట. ఇంజన్ కూత వినబడేదాకా వింటూనే ఉండి, తర్వాత పట్టాల వెంట పరిగెత్తాడు.

ఆ తర్వాత హెడ్డాఫీసు మెకానిక్ ఊరుకోలేదు. మిగతా ఊళ్ళ ఆఫీసుల్లో మోడెమ్ మొండికేస్తే "ఆవిడకి ఫోను చెయ్యండి" అని అత్త నంబరు ఇచ్చేవాడు. అక్కడ టైపు చేసేవాళ్ళూ ఎక్కువగా ఆడపిల్లలే. పొద్దున్నే బెదురు గొంతుతో ఎవరో ఒకరు పలికేవారు. అత్త వాళ్ళని బల్ల కిందికి దూరమనేది, ఏ దీపం వెలుగుతోందో అడిగేది, మధ్యలో పిల్లాడి జ్వరం తగ్గిందా అని కూడా అడిగేది. మోడెమ్‌లు పోయి వేరే లైన్లు వచ్చాయి. బల్లలు మారాయి, రేడియో తాత కాలం చేశాడు. ఆ అమ్మాయిలు మాత్రం ఏ పనీ లేకపోయినా అప్పుడప్పుడు ఫోను చేస్తూనే ఉండేవారు.

అత్త పదవీ విరమణ రోజున వాళ్ళలో చాలామంది ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి, రైళ్ళెక్కి వచ్చారు. అప్పటికి వాళ్ళకీ జుట్టు నెరిసింది. ఎవరూ ఎవరినీ చూసి ఎరగరు. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరూ నోరు విప్పేదాకా అత్త పోల్చుకోలేకపోయింది, విప్పగానే ఊరి పేరుతో సహా చెప్పేసింది. వాళ్ళలో ఒకావిడ అత్త చేతులు పట్టుకుని, కిందనుంచి పైదాకా చూసి నవ్వింది.

"మీరు ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నానండీ."