ఎదురింటి అవ్వకు వినబడేలా

పక్కింటి మామయ్యగారు పోయారని నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. పొద్దున్నే పెరట్లో మజ్జిగ చిలుకుతుంటే వాళ్ళ వీధి అరుగు మీంచి మాటలు వినబడ్డాయి. "అంత నిఖార్సయిన మనిషి మళ్ళీ పుట్టడు" అంటున్నాడు ఒకాయన. "దేవుడులాంటోడు" అంటున్నాడు ఇంకొకాయన. కవ్వం వదిలేసి పరిగెత్తాను. ఆయన బతికుండగా ఈ వీధిలో ఒక్క నోరు ఆయన్ని మెచ్చుకోగా నేను వినలేదు. ఇంతమంది కలిసి మెచ్చుకుంటున్నారంటే ఆయన పోయి ఉండాలి.

నిజంగానే పోయారు. ఎన్నాళ్ళనుంచో సున్నం దుమ్ము మింగిన ఛాతీ, తెల్లవారేసరికి ఆగిపోయిందట.

మామయ్యగారు అంటున్నాను గానీ నాకు చుట్టమేమీ కాదు. మేం ఆయన ఇంటి పక్కింట్లో అద్దెకున్నవాళ్ళం. ఆయన చిన్నప్పుడే మాచవరం నుంచి మా ఊరు వచ్చి, సున్నం కొట్టు పెట్టి, ఇల్లు కట్టుకుని, ఒక దఫా మా వార్డుకు మునిసిపల్ కౌన్సిలరు అయ్యారు. అయిన మర్నాడే మునిసిపాలిటీకి సున్నం అమ్మటం మానేశారు. కౌన్సిలరుగా ఉన్నవాడు ఆ కచేరీతో బేరాలు పెట్టుకోకూడదని చట్టం. తక్కినవాళ్ళు బావమరిది పేరుతోనో తోడల్లుడి పేరుతోనో అమ్ముకునేవారు. ఈయనకు ఆ తెలివి లేదు. ఆయన పెద్దకొడుకు మా గోడ దగ్గర నిలబడి, "మా నాయనకి పదవొచ్చింది, మాకు కొట్టు మూతబడింది" అని ఏడ్చేవాడు.

ఇంకొక కట్టుబాటు ఏ చట్టంలోనూ లేదు. అది ఆయన సొంతం. మునిసిపాలిటీ పని మీద వచ్చినవాళ్ళెవరినీ గడప దాటనిచ్చేవారు కాదు. అరుగు మీద కూర్చోవాలి, అడగవలసింది పైకి అడగాలి. ఎంత పైకి అంటే, వీధికి అవతల వైపు తన అరుగు మీద వత్తులు చేసుకునే ఎదురింటి అవ్వకు వినబడేంత.

"చెవిలో చెప్పే మాటయితే నాకొద్దయ్యా. గట్టిగా చెప్పు, అవ్వకి ఇనబడాల" అనేవారు. అవ్వ కూడా ఆ ఉద్యోగం శ్రద్ధగా చేసేది. మాట అందకపోతే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇనబళ్ళేదు" అని కేకేసేది.

ఒకసారి బట్టలకొట్టు ఆయన ఇంటిపన్ను తగ్గించమని వచ్చాడు. ఉన్నవి రెండు గదులేనని గొణిగాడు. మామయ్యగారు గట్టిగా చెప్పమంటే గట్టిగానే చెప్పాడు. "ఎనకమాల ఏసిన పంచ సంగతి చెప్పవేంది నాయనా? అందులో అద్దెకుండేది మా చెల్లెలి కూతురేగా" అంది అవ్వ అక్కడినుంచే. వీధి వీధంతా నవ్వింది. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

రోడ్ల కంట్రాక్టరు బత్తాయిల బుట్టతో వచ్చాడు ఇంకోసారి. పిల్లలకని తెచ్చానన్నాడు.

"పిల్లలకయితే బడికి పంపియ్యి. మాటేదన్నా ఉంటే చెప్పు."

కంట్రాక్టరు అవ్వ వంక చూశాడు. ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నాడు. "ఎండలు చానా ఎక్కువగా ఉండాయి" అని, బుట్ట తీసుకుని లేచాడు. ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. అటువంటివాళ్ళు ఎండ గురించి మాట్లాడి ఊరుకోరని మాకప్పుడు తోచలేదు.

మా ఇంటిముందు మురుగు నిలబడి మా చంటిదానికి వానాకాలమంతా చలిజ్వరమే. మాది అద్దె కొంప, మాకు పన్నూ లేదు, అందుకని ఓటూ లేదు. అడగటానికి కూడా మొహం చెల్లక మావారు ఊరుకున్నారు. మామయ్యగారే వచ్చి నిలబడి కాలవ తవ్వించారు. ఓటులేని ఇంటి ముందు కాలవేమిటని కచేరీలో ఎవరో అన్నారట. "ఓటు లేనోళ్ళని దోమలు కుట్టవా?" అని అడిగి వచ్చానని నవ్వుతూ చెప్పారు. మా పిల్ల ఇవాళ బడికి పోతోందంటే ఆ కాలవ చలవే. ఇది నేను పైకే చెబుతున్నాను.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. యుద్ధం అయిపోయినా కిరసనాయిలు కంట్రోలు పోలేదు. చీకటి పడితే దీపం సన్నగా పెట్టుకుని, గబగబా నాలుగు మెతుకులు తిని పడుకునే రోజులు. ఓటరుకు భోజనం పెట్టినా, బండి కట్టినా, కానుక ఇచ్చినా ఎన్నిక చెల్లదని చట్టం ఉంది. మామయ్యగారు దాన్ని ఇంట్లోకి కూడా తెచ్చారు. పోలింగు అయ్యేదాకా వచ్చినవాళ్ళకు మజ్జిగ కూడా ఇవ్వొద్దన్నారు. అత్తయ్యగారు మండిపడింది.

"ఎండనబడి వచ్చిన మనిషికి మజ్జిగ పోయకపోతే మనల్ని ఏమనుకుంటారు?"

"మంచినీళ్ళియ్యి. ఎన్నిక అయినాక కడివెడు పోద్దువు."

వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగి మూతి ముడుచుకుని వెళ్ళారు. నియమం మంచిదే. కానీ పల్నాటి ఎండలో మజ్జిగ మానిపించి ఓట్లు తెచ్చుకున్నవాడు ఎవడూ ఉండడు. ఆ మాట నేనన్నాను కూడా. ఆయన వినలేదు.

పోటీలో అవతలి మనిషి ఆ రోడ్ల కంట్రాక్టరు బావగారు. పోలింగుకు ముందు మా వీధిలో ఓటున్న ప్రతి ఇంటికీ కిరసనాయిలు సీసా వచ్చింది. మాకు రాలేదు, నా మంచితనమంతా అంతవరకే. ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళ వీధి ఆ కొస నుంచి ఈ కొసదాకా పెళ్ళివారి విడిదిలా వెలిగిపోయింది. మామయ్యగారు అరుగు మీద కూర్చుని అటూ ఇటూ చూశారు. "ఓడిపోయానమ్మాయ్" అన్నారు నాతో. ఎల్లుండి పోలింగు అనగా.

ఓడిపోయారు. కేసు వెయ్యొచ్చని, సీసా తీసుకున్నవాడు ఒక్కడు జడ్జీ ముందు నిజం చెబితే ఆ ఎన్నిక కొట్టేస్తారని ప్లీడరు చెప్పాడట. మామయ్యగారు వీధిలో ఇళ్ళవాళ్ళందరినీ అరుగు దగ్గరకు పిలిచారు.

"నాకు సీటు కావాలి, అబద్ధమెందుకు. అంతకన్నా ఒక్క మనిషి నోటెంట నిజం కావాలి. కిరసనాయిలు తీసుకున్నందుకు నేనేమీ అనను, పిల్లలున్నోళ్ళు. ఇచ్చారని చెప్పండి, చాలు."

పన్నులు తగ్గించమని, దీపస్తంభం వేయించమని అదే అరుగు మీద గొంతులు చించుకున్నవాళ్ళు నేల చూపులు చూశారు. తర్వాత ఒక్కొక్కరే పెరటి దారిన వచ్చారు. మా గోడ పక్కనే కదా, నాకు కనబడుతూనే ఉంది. "అన్నా, మాకూ ఇచ్చారు. నా పేరు మటుకు బైటికి రానీబాక" అని గుసగుసలు. "అదే మాట ముందుకొచ్చి చెప్పు" అని ఆయన. ఒక్కడూ ముందుకు రాలేదు.

చివరికి ఆయన వీధి అవతలికి చూసి అడిగారు. "అవ్వా, నేనడిగింది నీకన్నా ఇనబడిందా?"

అవ్వ వత్తి మీంచి తలెత్తలేదు. "ఇనబళ్ళేదు నాయనా. చెవుడొచ్చింది" అంది.

మామయ్యగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. కేసు వెయ్యలేదు. మళ్ళీ ఆ అరుగు మీద కూర్చోగా నేను చూడలేదు. దగ్గు మాత్రం గోడ మీంచి వినబడుతూ ఉండేది. మందులిప్పిద్దామని మావారు వెళితే, "ఇంక నేను మాట్లాడాల్సిందేముందిలే అబ్బాయ్" అన్నారట. నాకు ఈ వీధి మీద ఆ రోజు పుట్టిన రోత ఇంకా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

పెదకర్మ రోజున గెలిచినాయన వచ్చాడు. వస్తూనే నలుగురూ వినేలా, "ఆయన మాకందరికీ దారి చూపించిన మనిషి" అన్నాడు. భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. నేను మా వాకిట్లో వంటగిన్నెలు కడుగుతున్నాను. గెలిచినాయన ఆ ఇంటి పెద్దకొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, భుజం మీద చెయ్యి వేసి, మామయ్యగారి అరుగు మీదే గొంతు తగ్గించాడు. కొత్త మార్కెట్టు కడుతున్నారన్న ముక్క ఒకటి నాకందింది. సున్నం అన్న ముక్క ఇంకొకటి. "మీ నాయన మాదిరి కాకుండా, మీ బావమరిది పేరున" అన్నది మూడోది. పెద్దకొడుకు తల ఊపుతున్నాడు.

"ఇనబళ్ళేదు."

అందరం తలలెత్తాం. ఎదురింటి అవ్వ వత్తులు పక్కన పడేసి, అరుగు అంచుదాకా జరిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఇనబళ్ళేదయ్యా. గట్టిగా చెప్పండి" అంది మళ్ళీ.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అవ్వ చెయ్యి దించలేదు. నేను గిన్నెలన్నీ కడిగి లోపలికి వెళ్ళేటప్పుడు కూడా, మూసిన ఆ తలుపు వంక చెవి పెట్టుకునే కూర్చుని ఉంది.