పత్తి అర్రల వినబడ్డ వెలుగు

మా ఇంటి కింద సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణమున్నది. పొద్దుగాల షట్టరు లేపి దుకాణపాయన టంకం పెట్టంగనే, తియ్యగ, ఘాటుగ ఒక సన్నటి పొగ మెట్లెక్కి మా వంటింట్లకొస్తది. ఆ పొగ ముక్కుకు తాకిందంటే పొయ్యి మీద చాయ పొంగుతున్నా నాకు సోయి ఉండదు. కరీంనగర్ ఎటో పోతది, మా ఊరొస్తది, చలికాలమొస్తది, కాగుతున్న నూనెల గరిజెలు, అదే కజ్జికాయలు, తేలుతయి.

మాది నిర్మల్ దిక్కు పల్లె. చలి ముదిరిందంటే ఊరంత పత్తే. వాకిట్ల పత్తి, అరుగు మీద పత్తి, మా ఎంట్రుకల్ల పత్తి. అమ్మేదాక పంటను దాచే అర్రలనైతే నేల నుంచి కప్పుదాక పత్తే. ఆ అర్రకు కిటికీ లేకుండె. తలుపేస్తే పట్టపగలు కూడ కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. వెచ్చగ, మెత్తగ, గింజల నూనె వాసనతోని, ఎంత గట్టిగ మాట్లాడినా గొంతును మింగేసేటి చీకటి.

మా బాపు దుబాయ్‌ల ఉండె. బాపు తమ్ముడు సామ్యేలు చిన్నాయన పక్కూరి బడిల సైన్సు సారు. క్రిస్మస్ సెలవులు రాంగనే ఆయనకు మాకంటే ఎక్కువ హుషారొచ్చేది. మేం అవ్వా అని పిలిచే మా అమ్మ గరిజెలొత్తుకుంట, నానమ్మ వాకిట్ల ఎండకు కూసోని పత్తిల చెత్తను వేళ్లతోనే తడిమి ఏరుకుంట ఉంటే, నన్ను, తమ్ముణ్ని ఆ అర్రలకు తోల్కపోయేటోడు. అగ్గిపెట్టె ముట్టద్దని ఒట్టేయించుకొని, మా కండ్లు చీకటికి అలవాటు పడేదాక ఊకె కూసోబెట్టి, ఆనక కలకండ పలుకును పటకారు నడుమ పెట్టి పటుక్కున నొక్కేటోడు. పలుకు పగిలిన కాడ నీలం మెరుపు! అగ్గి లేదు, సెగ లేదు, కరెంటు లేదు. తొలిసారి చూసిననాడు, రోజూ మేం చప్పరించే కలకండల మెరుపు దాగి ఉన్నదంటే మాకు ఒళ్లంత జల్లుమన్నది. ఇద్దరం ఒక్కసారే కేక పెట్టినం.

"ఏమైందే, ఏం గనబడ్డది?" అని వాకిట్ల నుంచి నానమ్మ అడిగింది.

చెప్పబోయి నేను ఆగిపోయిన. నానమ్మకు చూపు పోయి శానా ఏండ్లయింది. నీలమంటే ఎట్ల చెప్పాలె, మెరుపంటే ఎట్ల చెప్పాలె? ఆమెనే నవ్వి, "మీకు గనబడేది నాకు జర ఇనబడేటట్టు చెయ్యరాదుర సామ్యేలూ" అన్నది. ఆమె పరాచికానికన్నది. చిన్నాయన మాత్రం నవ్వలే.

హైదరాబాద్ కాలేజీల పాఠాలు చెప్పే దోస్తు దగ్గరికి పోయి, చూపుడువేలంత గాజుగొట్టం ఒకటి పట్టుకొచ్చిండు. కంటికి కానరాని కిరణం ఆ గొట్టంలకెళ్లి దూసుకపోయినప్పుడల్ల చప్పుడు చేసే మిషను తయారు చేస్తా అన్నడు. పాత రేడియో విప్పిండు, దాని స్పీకరు తీసిండు, బ్యాటరీలు పేర్చిండు. ఇల్లంత టంకం పొగ. "గరిజెలు గూడ టంకం వాసనే గొడుతున్నయి గదా" అని మా అవ్వ మొత్తుకున్నది.

చప్పుడు లేని జాగ అదే గనుక మళ్ల పత్తి అర్రలకే పోయినం. నానమ్మను చెయ్యి పట్టుకొని తీసుకపోయి పత్తి మీద కూసోబెట్టినం. చిన్నాయన మీట నొక్కిండు. జరసేపు ఏం లేదు. తర్వాత, టక్. మళ్ల ఊకుండి, టక్, టక్.

"ఏమున్నదిర ఆడ?" అన్నది నానమ్మ.

"ఏం పెట్టలేదవ్వా. ఆ కిరణం కొంత గోడలకెళ్లి, కొంత నేలలకెళ్లి, కొంత ఆకాశంలకెళ్లి వస్తున్నది. మనం పుట్టకముందు నుంచి గిట్లనే కురుస్తున్నది."

నేను నా చేతులను చూసుకున్న. చీకట్ల చేతులు కానరాలే. కప్పును దాటుకొని, అంత పత్తిని దాటుకొని, నన్ను గూడ దాటుకొని ఏదో పోతున్నదన్న మాటకు ఊపిరి బిగబట్టుకున్న. క్రిస్మస్ పాటల కోసం ఇంటింటికి తిప్పే పెట్రోమాక్సు లైటుకని తెచ్చిన కొత్త తెల్లటి వలను చిన్నాయన గొట్టం పక్కన పెట్టిండు. అందుల కిరణాలిడిచే థోరియం ఉంటదట. రేకుల మీద తొలివాన పడ్డట్టు చప్పుడు జోరందుకున్నది. నానమ్మ ముఖాన్ని నేను చూడలే, గని ఆమె ఊపిరి విన్న.

అప్పుడామె నడుముకున్న చిన్న సంచి విప్పింది. "గిది గూడ పెట్టి చూడు" అన్నది.

అది తాత గడియారం. తాత క్రైస్తవ మిషన్ దవాఖానల కాంపౌండరు. ఊరిడిచిపోయే డాక్టరమ్మ ఒకామె ఆయనకిచ్చిపోయిందట. దాని అంకెలు చీకట్ల పచ్చగ వెలిగేటియట. లగ్గమైన కొత్తల ఆ వెలిగే మణికట్టును చూసి నానమ్మ దడుసుకున్నదట. తాత పోయినంక గడియారం ఆగిపోయింది, అంకెలు మసకబారినయి, అటెన్క ఆమె చూపు గూడ పోయింది.

చిన్నాయన దాన్ని దగ్గరికి తీసుకపోంగనే మిషను పూనకమొచ్చినట్టు మొత్తుకున్నది. టక్కుటక్కులన్ని కలిసి ఒక్కటే హోరు. తమ్ముడు నా రెక్క పట్టుకున్నడు.

"వెలుగు పోయిందో నా కండ్లే పోయినయో తెలువకపాయె నాకు. ఇంకా ఉన్నదా అది?" అన్నది నానమ్మ.

"పూసిన రంగు అలిసిపోయిందవ్వా. అందులున్న రేడియం అలిసిపోలే. మనందరం పోయినా, మన ఊరు పోయినా అది ఉంటది."

బయటికొచ్చినంక చిన్నాయన ముఖం చిన్నబోయింది. అద్దం పలగనంత కాలం ఫికర్ లేదు గని, రాత్రింబగళ్లు ఒంటికి కట్టుకునే సామాను కాదని చెప్పిండు. మా అవ్వ పరేషాన్ అయింది. "అత్తా, ఇచ్చెయ్యరాదె" అన్నది. నానమ్మ గడియారం చేతుల పట్టుకొని అరుగు మీద శానాసేపు కూసున్నది. తాతదని ఆమె దగ్గర మిగిలింది అదొక్కటే.

"మల్లొక్కసారి ఇనిపియ్యి" అన్నది ఆఖరికి.

స్పీకరుకు చెవి ఆనించి విన్నది. విని విని, తనే చెయ్యి చాపి గడియారం చిన్నాయనకిచ్చింది. "ఆయన గాడ ఉన్నడని ఎరుకైంది గదా. యాడ పెడితే ఏంది?" అన్నది. చిన్నాయన దాన్ని మందపాటి ఇనుప డబ్బల పెట్టి, పెరటి కొట్టం గూట్ల తాళమేసి దాచిండు. ఆమె బతికున్నన్ని రోజులు క్రిస్మస్‌నాడు గుడికెళ్లి రాంగనే చిన్నాయన మిషను పట్టుకొని ఆ గూటి కాడికి పోయేటోడు, ఆమె వెనుక పోయేది. పండుగ గరిజె చేతులనే ఉండేది, తినేది మరిచిపోయేది.

ఆమె పోయినంక ఆ గడియారాన్ని అటువంటివి భద్రంగ దాచేటోళ్లకు అప్పజెప్పినం. ఇప్పుడు పత్తి చేనుకాడికెళ్లి నేరుగ మిల్లుకే పోతది. దాచేటి అర్రలు లేవు, పాటలోళ్ల వెంట పెట్రోమాక్సులు లేవు, ఊర్ల దీపాలారని వీధులే, అసలు చీకటే లేదు.

నేనిక్కడ ఒక దవాఖానల ఎక్స్‌రేలు తీస్త. మా మిషన్లల్ల కిరణం వచ్చేది తెలువది, పోయేది తెలువది. మొన్నొక ముసలామె బల్ల మీద పండుకోని, "ఇంకెప్పుడు తీస్తవు బిడ్డా?" అని అడిగింది.

"అయిపోయిందమ్మా."

"ఏం ఇనబడలే గదా" అని ఆమె ఇంకా చెవి పెట్టుకొనే ఉన్నది. లేపుదామని చెయ్యి పట్టుకున్నదాన్ని, నేను గూడ జరసేపు విన్న.