తగరపు పొర, ఉడికించిన పట్టు

అనంతపురంలో దుమ్ము పడని చోటు లేదు. అరవైల చివర్లో మా కాలేజీ ఫిజిక్సు గదిలో నేను పెట్టుకున్న పనికి మాత్రం దుమ్ము అసలు పనికిరాదు. బోర్లించి గాలి తీసేసిన గాజు జాడీ కింద తగరాన్ని ఆవిరి చేసి, గాజు పలక మీద పొరగా దింపేదాన్ని. ఆ పొరను రుద్ది పలచన చేసి, నున్నగా తీర్చి ఢిల్లీకి పంపాలి. అక్కడ ద్రవ హీలియంలో ముంచి ఇంకాస్త చల్లబరిస్తే తగరం కరెంటును ఏమాత్రం అడ్డుకోదు. రవ్వంత వేడి సోకినా పసిగట్టే సాధనం దానితో చేస్తారు. గీతలు పడిన పొర పనికిరాదు.

నావి మూడు అలాగే తిరిగొచ్చాయి. మా శాఖాధిపతి నన్ను పిలిచి, "ఇంకొక్కటి చూస్తాం. అది గూడా తిరిగొచ్చిందంటే క్లాసులు చెప్పుకో పోమ్మా" అన్నారు. మగ లెక్చరర్లవి ఎన్ని తిరిగొచ్చాయని అడిగాను. వాళ్లెవరూ చెయ్యలేదన్నారు. అయితే వాళ్లకంటే మూడు ఎక్కువే చేశానన్నాను. నోరు గెలిచింది గానీ పొర గెలవలేదు.

నేను ధర్మవరంలో అద్దెకుండి రోజూ రైల్లో వచ్చేదాన్ని. ఇంటామె పట్టుచీరలు నేసేది. పొర రుద్దడానికి ఆమె దగ్గరే పట్టు తీసుకునేదాన్ని. రంగు గానీ సబ్బు గానీ తగలనిదే కావాలని మరీ మరీ చెప్పేదాన్ని. ఏమీ అంటనిదే మెత్తనిదని నా చదువు నాకు చెప్పింది.

ఒక ఆదివారం గీతలు పడ్డ పలక ఆమె ముందు పెట్టి, నీ పట్టే ఇంత పని చేసిందని దెబ్బలాటకు దిగాను. ఆమె మగ్గం గుంటలోంచి లేవకుండానే పలకను వెలుతురుకు తిప్పి చూసింది.

"ఏమ్మే, పచ్చి పట్టుతో రుద్దితే గీతలు పడక ఏమైతాది? దానికి బంక ఉంటాది. సబ్బునీళ్లలో ఉడకేస్తేనే అది పోయి మెత్తగయ్యేది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమక్కా?"

"నువ్వు అడిగితివా? ఏమీ తగలనిది ఇయ్యమంటివి, ఇస్తి."

పలక పక్కన పెట్టి, అయితే ఉడకేసిందే ఇయ్యమన్నాను.

ఆమె ఉడికించి ఇచ్చిన పట్టును కాలేజీలో శుద్ధజలంతో ఎన్నోసార్లు కడిగాను. మెరుగు పెట్టే అల్యూమినా పొడి నీళ్లలో కలిపి, వేలి బరువు కూడా మోపకుండా గుండ్రంగా రుద్దాను. పొర పలచబడేకొద్దీ కరెంటుకు దాని నిరోధం పెరుగుతుంది. మీటరు ముల్లు అనుకున్న అంకె దగ్గరికి రాగానే ఆపి, పలకను దీపం కింద పట్టాను. బల్బులోని తీగ ఎక్కడా తెగకుండా, వంకర పోకుండా, అద్దంలో కనిపించినట్టు కనిపించింది.

కొన్ని వారాలకు ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. చల్లబరిస్తే నిరోధం ఒక్కసారిగా సున్నాకు పడిపోయిందట. ఇలాంటివే ఇంకో ఆరు కావాలట. రుద్దిన గుడ్డ ఏ దేశం నుంచి తెప్పించారని కూడా అడిగారు. శాఖాధిపతి దాన్ని రెండుసార్లు చదివి, ఆరూ నన్నే చెయ్యమన్నారు. మరి నా క్లాసులెవరు చెబుతారన్నాను. తానే చెబుతానన్నారు.

ధర్మవరం పట్టు, సబ్బునీళ్లలో ఉడికించినది అని ఢిల్లీకి జవాబు రాశాను. సాయంత్రం ఇంటామెకు ఢిల్లీ ఉత్తరం చదివి వినిపించాను.

"ఇంగా ఆరా? అయితే పెద్ద కుండ పెడ్తా. ఈసారి పొయ్యి నువ్వే ఊదల్ల" అంది.

ఊదాను, పెద్ద కుండ ఉడికేదాకా.