నీళ్ళు కనపడని మిషన్

వాషింగ్ మిషన్ కొన్న పాపానికి ఊరి పెద్దమనుషులంతా ఒకేసారి ఏడవడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. చూడటం ఏమిటి, ఏడిపించింది నేనే. కంగారు పడకండి. ఇందులో ఎవరికీ ప్రాణహాని లేదు, ఆస్తి నష్టమూ లేదు. నా పరువు ఒక్కటే పోయింది. మా ఇంట్లో దాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు.

మాది గురజాల దగ్గర ఊరు. మిరప పండిస్తాం. అప్పటికి నా బీటెక్ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఆ మధ్యలో దొరికిన ఖాళీలో ఫోన్లో వాషింగ్ మిషన్ల వీడియోలు చూసి పండితుణ్ణయ్యాను. సరిగ్గా అప్పుడే మా పాత మిషన్ మోటారు కాలిపోయింది. నా పాండిత్యానికి రోజులొచ్చాయనుకున్నాను.

నరసరావుపేట షాపులో అమ్మ ఎవరినీ అడగకుండా రెండు తొట్ల మిషన్ దగ్గరికి వెళ్ళింది. మూత తీసి, కుండను బేరమాడేటప్పుడు తట్టినట్టు తట్టి చూసింది.

"ఇది చాలు" అంది.

నేను ఆమెను గుండ్రటి అద్దం తలుపున్న మిషన్ ముందుకు లాక్కొచ్చాను.

"అమ్మా, అది పాతకాలంది. నీళ్ళు నువ్వే పట్టాలి, సబ్బునీళ్ళు నువ్వే వదలాలి, తడిబట్టలు ఈ తొట్లో నుంచి ఆ తొట్లోకి నువ్వే మార్చాలి. ఇది హై ఎఫిషియెన్సీ. బట్టలెన్నున్నాయో అదే చూసుకుని, సరిపడా నీళ్ళే తీసుకుంటది."

"ఎన్ని తీసుకుంటది?"

"దాంట్లో సగం గూడా అక్కర్లేదు."

"మరి జాడించేది దేంతో?"

"ఆ నీళ్ళతోనే."

అమ్మ వంగి అద్దంలోంచి లోపలికి చూసింది. "నీళ్ళు కనపడని మిషన్లో మురికెట్టా పోద్దిరా?"

"పోద్ది మేడమ్. టెక్నాలజీ" అన్నాడు షాపతను.

"మీ ఇంట్లో ఏది వాడతారయ్యా?"

అతను కాస్త ఆలోచించి రెండు తొట్ల మిషన్ వైపు చూశాడు. "మా అమ్మకి అదే అలవాటండీ" అని గొణిగాడు.

ఓడిపోయేలా ఉన్నానని నాకు అర్థమైంది. "ఎండాకాలం మన బోరు సంగతి మర్చిపోయావా?" అన్నాను. మా బోరు ఎండాకాలంలో నీళ్ళకంటే గాలి ఎక్కువ పోస్తుంది. అమ్మ వెనక్కెళ్ళి రెండు తొట్ల మిషన్ మూత వేసేసింది. అద్దం తలుపు మిషన్ మా ఇంటికి వచ్చింది.

"కల్లం బట్టలు మటుకు దీంట్లో ఎయ్యబాక" అంది అమ్మ, దాన్ని వరండాలో దించగానే.

కల్లం బట్టలంటే మిరపకాయలు ఎండబోసే చోట పనిచేసేటప్పుడు కట్టుకునేవి. మా ఇంట్లో వాటిది వేరే లోకం. వాటికి వేరే బకెట్, వేరే తీగ. ఘాటు పోయేదాకా అమ్మ వాటిని నీళ్ళ మీద నీళ్ళు మార్చి జాడిస్తుంది. నాకదంతా చాదస్తంలా అనిపించేది. బీటెక్ చదివానని చెప్పానుగా.

కోతలు జోరుగా సాగుతుండగా అమ్మ వినుకొండలో ఉన్న పిన్ని దగ్గరికి వెళ్ళింది. ఆ సాయంత్రం నాన్న తన తెల్ల పంచె, కండువా నా చేతిలో పెట్టాడు.

"రేపు డొంక పంచాయితీ ఉందిరా. ఇవి ఉతికి పెట్టు."

డొంక అంటే చేలమీదుగా వెళ్ళే బండిదారి. వెంకయ్య, సాంబయ్య అన్నదమ్ములు. తమ్ముడు డొంకకి అడ్డంగా ముళ్ళకంప కొట్టాడు. అన్న కోయించిన మిరపకాయంతా అవతల చేలో ఇరుక్కుపోయింది. పైన మబ్బు పట్టి ఉంది. వాన పడితే పంట అక్కడే బూజుపడుతుంది. రేపు తేలకపోతే ఇద్దరూ గురజాల కోర్టు మెట్లెక్కుతారు. ఇక ఆ ఇంటి పిల్లలు కూడా ఒకరినొకరు పలకరించుకోరు.

ఇలాంటి వాటికి మా నాన్న కోటయ్యనే ఎందుకు పిలుస్తారంటే, ఆయన మొహం చూసి లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. గోడని చూసి చెప్పడం సులువు. వేసిన బోరులో నీళ్ళు పడకపోయినా, పడ్డా, ఆయన మొహం ఒకేలా ఉంటుంది. ఎటు మొగ్గుతున్నాడో తెలియక ఇద్దరూ భయపడి రాజీకొస్తారు.

మిషన్లో పంచె, కండువా వేశాను. లోపలంతా ఖాళీగా కనపడింది. నిండుగా వేస్తేనే పొదుపని వీడియోలో చెప్పారు. అంత తెలివైన మిషన్ని ఖాళీగా తిప్పడం నాకు అవమానంగా తోచింది. చుట్టూ చూశాను. మూలన కల్లం బట్టలు కుప్పగా పడి ఉన్నాయి.

తర్వాత జరిగింది మీరు ఊహించేశారు. నేను ఊహించలేదు, అదే మనిద్దరికీ తేడా.

నీళ్ళు తక్కువ తీసుకునే బటన్ నొక్కి, పక్కనే నిలబడి మురిసిపోయాను. పంచె, కండువా తెల్లగా బయటికొచ్చాయి. ఎర్ర మరక ఒక్కటీ లేదు. ఘాటుకి రంగుండదన్న ముక్క ఏ వీడియోలోనూ చెప్పలేదు.

పంచాయితీ పాలకేంద్రం అరుగు మీద జరిగింది. మబ్బు పక్కకి జరిగి ఎండ మాడ్చేస్తోంది. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"మా నాయన కాలం నుంచీ బండి ఆ డొంకలోనే పోయింది మావా. ఇయ్యాల కంప కొట్టాడు. వాన పడితే నా కాయ ఎవడికి పనికొచ్చుద్ది?" అన్నాడు వెంకయ్య.

"ట్రాక్టర్ తోలి నా మొక్కలు తొక్కించాడు. తమ్ముణ్ణి గదా, ఒక మాట అడిగాడా?" అన్నాడు సాంబయ్య.

"నిన్నడిగేది ఏందిరా. కోర్టులో అడిగిత్తా."

"అడిగించుకో. నేనేమన్నా వద్దన్నానా?"

నాన్నకి చెమట పట్టింది. కండువాతో మొహం తుడుచుకున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. చెమట కంట్లో పడిందనుకుని ఇంకాస్త గట్టిగా తుడుచుకున్నాడు. అంతే, సాగర్ గేట్లు ఎత్తినట్టు కళ్ళ వెంట ధారలు కట్టాయి.

అరుగు మీద అందరూ ఆయన వైపు తిరిగారు. కోటయ్య కంట్లో నీళ్ళు ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. నాకు మటుకు కల్లం బట్టలు గుర్తొచ్చాయి.

ఈలోగా పంచె కూడా పని మొదలుపెట్టింది. నాన్న కుర్చీలో అటు కదిలాడు, ఇటు కదిలాడు, చివరికి లేచి నిలబడ్డాడు.

"పోబాక మావా, కూర్చో. నువ్వే లేచిపోతే మాకెవరు చెప్తారు?" అన్నాడు వెంకయ్య, గొంతు మార్చి.

"నేను కూర్చోలేనురా" అన్నాడు నాన్న.

పెద్దమనుషులు తలలు దించుకున్నారు. ఆయన మనసు ఎంత గాయపడిందోనని వాళ్ళ బాధ. ఎక్కడ మండుతోందో తెలిసినవాణ్ణి ఆయన తర్వాత నేనొక్కణ్ణే.

సాంబయ్య మెత్తబడ్డాడు. "కంప తీసేత్తాలే మావా. నువ్వు మటుకు ఏడవబాక" అన్నాడు. అతని కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. నాన్న తన బాధలో ఉండి, అలవాటు కొద్దీ కండువా అతనికి అందించాడు.

"తుడుచుకోరా" అన్నాడు.

తుడుచుకున్నాడు. తర్వాత అతను ఏడ్చిన ఏడుపుకి పాలకేంద్రం అవతల కట్టేసిన గేదెలు కూడా తిరిగి చూశాయి. "ఊరుకోరా తమ్ముడూ" అని వెంకయ్య వాటేసుకుని, తన మొహం కూడా అదే కండువాకి అద్దుకున్నాడు. అక్కణ్ణుంచి అది పక్కనున్న పెద్దమనిషి చేతికి, ఆయన నుంచి ఇంకొకాయనకి వెళ్ళింది. వెళ్ళిన చోటల్లా వరదే. అప్పుడు నిజం చెప్పి ఉంటే నేను సత్యవంతుణ్ణయ్యేవాణ్ణి, డొంకలో కంప మళ్ళీ లేచేది. అందుకని ఊరి మేలు కోరి నోరు మూసుకున్నాను.

సాయంత్రానికి వెంకయ్య కాయ డొంక దాటి కల్లానికి చేరింది. అమ్మ బస్సు దిగగానే ఊరంతా ఆమెకి కబురు చెప్పేసింది. ఇంటికి రాగానే తీగ మీది కండువా అందుకుని వాసన చూసింది, తుమ్మింది, నా వైపు చూసింది.

"కల్లం బట్టలతో కలిపావా?"

"మిషన్ నిండుగా ఉండాలని..."

అమ్మ నన్ను వదిలేసి, లుంగీ కట్టుకుని ఫ్యాను కింద నిలబడే ఉన్న నాన్న వైపు తిరిగింది. "ఏమయ్యా, ఏడ్చావంట?"

"ఏడవలేదే. మండింది."

"ఆ మాట వాళ్ళకి చెప్పకపోయావా?"

"చెప్పేలోగా అన్నదమ్ములు కలిసిపోయారు. విడదీసి చెప్పమంటావా?"

మరుసటి వారం రెండు తొట్ల మిషన్ కూడా ఇంటికొచ్చింది. అమ్మ దాని నిండా నీళ్ళు పట్టి, మూత తెరిచే ఉంచి, కళ్ళారా చూసుకుంటూ ఉతుకుతుంది. నా మిషన్ మీద దుప్పటి కప్పేసింది.

మొన్న ఇద్దరు బావామరుదులు బోరు నీళ్ళ కోసం తగువు పెట్టుకున్నారు. పంచాయితీకి ముందురోజు నాన్న కండువా పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. మొహంలో ఎప్పటిలాగే ఏమీ లేదు.

"ఒరేయ్, కల్లం బట్టలేమన్నా ఉన్నయ్యా?"

"ఉన్నయ్ నాన్నా."

"ఇది గూడా ఏసి తిప్పు. నీళ్ళు తక్కువ పెట్టు."

దుప్పటి తీశాను. హై ఎఫిషియెన్సీ అని నేను మొదటే చెప్పాను. ఎవరూ వినలేదు.

అయినా ఆ రోజు జరిగిందానికి బాధ్యత వహిస్తూ, మా ఇంటి రెండు మిషన్ల మీద చెరొక చెయ్యి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ప్రాణం పోయినా ఇక ఆ మిషన్లో పంచె వెయ్యను. కండువా ఒక్కటే.