చెవిటి మౌలాలి వేసిన మార్కులు

మౌలాలి చాచాకు చెవుడని నంద్యాలలో అతని అంగడి ముందు నడిచిన ప్రతివాడూ చెప్పేవాడు. ఆ చెవిటి మనిషే పాత ఇంగ్లీషు రాక్ పాటలకు నూటికి ఇన్ని అని మార్కులు వేస్తాడని చెప్పి పడీపడీ నవ్వేవాడు. చెవుడు సంగతి ఎలా ఉన్నా, మార్కుల సంగతి మాత్రం నిజం.

ఇప్పుడు ఆ అంగడిలో ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి. అప్పట్లో టేపురికార్డర్లు, సౌండు బాక్సులు బాగుచేసేవారు. ఎవరో ఒకాయన డబ్బా నిండా రాక్ క్యాసెట్లు అక్కడ పెట్టి వెళ్లి, మళ్లీ రాలేదు. చాచాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అందుకని పాటలకు తనే పేర్లు పెట్టుకున్నాడు: 'గిటారు ఏడ్చే పాట', 'డ్రమ్ములాయనకు కోపమొచ్చిన పాట', 'గొంతులో చేపముల్లు దిగినాయన పాట'. రోజుకొకటి పెట్టి, కళ్లు మూసుకుని, సుత్తి పిడితో బల్ల మీద తడుతూ వినేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్ల దగ్గర రాళ్లు ఏరే పని చేశాడు. సుత్తితో తడితే గంటలా మోగాలి, అదీ రాయి. పాటకూ అదే పరీక్ష.

“రాయి మంచిదే. చెక్కడమే చేతగాలా. నలభై ఒకటి. రాసుకో బేటీ.”

నిలోఫర్ రాసుకునేది. ఇంట్లోవాళ్లు తొమ్మిదో తరగతిలో బడి మాన్పిస్తే, ఆ అంగడిలో తీగలు అతికించే పనికి చేరిన పిల్ల. ఆమె మాట ఆమె పెదవులు దాటి వచ్చేది కాదు. రాసింది పైకి చదవమనేవాడు చాచా. చదివేది.

“వినపడలా.”

మళ్లీ చదివేది.

“వినపడలా బేటీ! రోడ్డవతల టీ అంగడాయన తల తిప్పి చూడాల!”

మూడోసారికి ఆమె ముఖం ఎర్రబడేది, టీ అంగడాయన తల తిప్పేవాడు. అప్పుడు గానీ ఆ పాటకు మార్కులు ఖాయమయ్యేవి కావు.

శిరివెళ్ల నుంచి కాశయ్య తన ట్రాక్టరు సౌండు బాక్సు కోసం వచ్చినా అంతే, మార్కులయ్యేదాకా కూర్చోవలసిందే.

“మౌలాలన్నా, నా బాక్సు ఏమాయె?”

“ఏందీ?”

“బాక్సప్పా, బాక్సు! పాటల్లేందే మా డ్రైవరు ట్రాక్టరెక్కనంటాండాడు!”

“ఆగప్పా. గిటారాయన ఏడుస్తాండాడు. పాట ఇంకా నాలుగు నిమిషాలుండాది.”

“ఆయనకు యాడ నొప్పో కనుక్కోన్నా, మందన్నా పూద్దాం!”

ఒకసారి ఒక పాటకు ఏకంగా తొంభై రెండు వేశాడు. ఆ అంగడిలో అంత మార్కు ఏ పాటా ఎరగదు. “చూడు బేటీ, ఒక్కో మాటను దోశ పరిచినట్ల పరుస్తాండాడు! ఇదీ కళంటే!” అని మురిసిపోయాడు. మూడోనాడు నిలోఫర్ ఆ టేపురికార్డరు విప్పి చూస్తే లోపల టేపును తిప్పే బెల్టు సాగిపోయి ఉంది. కొత్త బెల్టు వేసేసరికి అదే గాయకుడు బస్సు తప్పిపోతున్నవాడిలా పరుగెత్తాడు. చాచా చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

“పాడినాయనకు నలభై. మిగతా యాభై రెండూ బెల్టుకు. రాసుకో.”

రాసి చదివింది.

“వినపడలా,” అన్నాడు.

నాలుగేళ్ల కిందట బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పడానికి మనిషి కావాలన్నారు. తెలుగు తడబడకుండా చదివితే చాలు, గొంతు పరీక్ష మాత్రం ఉంటుందన్నారు. అప్పటికి టేపురికార్డర్లు తెచ్చేవాళ్లే లేరు, అంగడి రేపోమాపో మూతపడేలా ఉంది. మూతపడితే నిలోఫర్ మళ్లీ నాలుగు గోడల మధ్యకే. అయినా వెళ్లనని మొండికేసింది.

“నా గొంతు యాడ వినపడతాది చాచా?”

“నాకైతే ఇంతవరకూ వినపడలా. పా, వాళ్లకు వినపడతాదేమో చూద్దాం,” అని అంగడికి తాళం వేసి వెంటబెట్టుకుని వెళ్లాడు.

తీరా పరీక్ష వేళకు కరెంటు పోయింది. మైకు మూగబోయింది. మళ్లీ ఎప్పుడైనా రమ్మన్నాడు ఆఫీసరు. నిలోఫర్ గుమ్మం దాటబోతూ వెనక్కి చూసింది. చాచా అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అలవాటు ఊరుకోలేదు. చేతిలోని నమూనా కాగితం ఎత్తి చదివేసింది.

“శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ వెళ్లు బస్సు మూడవ నంబరులో సిద్ధముగా ఉన్నది!”

బస్టాండులో ఉన్న ఆళ్లగడ్డ జనమంతా సంచులు ఎత్తుకుని మూడో నంబరుకు పరుగెత్తారు. అక్కడ బస్సు లేదు. “మైకులో ఎవరమ్మా ఆ అబద్ధాలు చెప్పేది!” అని ఒక పెద్దావిడ కేకలు వేసింది. ఆఫీసరు అక్కడికక్కడే నిలోఫర్ పేరు రాసుకున్నాడు.

మొదటి జీతం అందుకున్న రోజు నిలోఫర్ మిఠాయి పొట్లంతో చాచా ఇంటికి వెళ్లింది. చాచా బయట అరుగు మీద క్యాసెట్టు విప్పుకుని కూర్చున్నాడు. ఆమె లోపలికి పోయి, అతని భార్య ఇమాంబీ చెవిలో గుసగుసగా చెప్పింది.

“చాచాకు చెవి మిషన్ కొనిస్తా చాచీ. ఇప్పుడే చెప్పద్దు.”

“మిషనొద్దు బేటీ,” అన్నాడు చాచా అరుగు మీద నుంచి, తల ఎత్తకుండానే. “ఆ దుడ్లకు మంచి క్యాసెట్లు దొరుకుతాయేమో చూడు.”

నిలోఫర్ నోరు తెరిచి ఇమాంబీని చూసింది. ఇమాంబీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

రాతి లోపలి వెంట్రుకంత పగులును ఒక్క దెబ్బ చప్పుడుతో పట్టే ఆ చెవులకు ఏనాడూ ఏ లోపమూ లేదు. ఆ చెవుడు నిలోఫర్ అంగడిలో చేరిన రోజు మొదలైంది.