ముజీబ్ భాయ్ పెట్టిన పరీక్ష

మొన్న నా రాతబల్ల కింద ఉన్న పాత కంప్యూటర్ డబ్బా మూత విప్పాను. ఫ్యాను ఊడదీసి, ప్రాసెసర్ మీద వేడి లాగడానికి పూసి ఎండిపోయిన తెల్లటి పేస్టును స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడుస్తుంటే, కాలిన దుమ్ము వాసనా స్పిరిట్ వాసనా కలిసి ముక్కుకు తగిలాయి. బయట సిరిసిల్ల తన రోజువారీ చప్పుడులో ఉంది. పక్కింటి సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగకుండా కొడుతున్నాయి. నేను మాత్రం ఆ క్షణంలో కోరుట్ల బజారు వెనక సందులో, నలుగురు నిలబడితే నిండిపోయే ఒక దుకాణంలో ఉన్నాను. నా పక్కన ముజీబ్ భాయ్ ఉన్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, "గంత పూత ఎందుకు తమ్మి, రొట్టెకు నెయ్యి రాస్తున్నవా?" అని అడుగుతున్నాడు.

ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా చదివి, మొదట రేడియోలు, తర్వాత టీవీలు, చివరికి కంప్యూటర్లు బాగుచేసిన మనిషి. ఇంగ్లిషు కాగితాలను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివేవాడు, కానీ చదివింది మర్చిపోయేవాడు కాదు. నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. తెలంగాణ ఉద్యమం ఊపందుకుని బందులూ సమ్మెలూ నెలల తరబడి సాగినప్పుడు కాలేజీ మూతపడింది. నేను ఆ మూతను సమర్థించినవాణ్ణే, శిబిరాల్లో మైకు పట్టుకుని మాట్లాడినవాణ్ణే. అయినా పొద్దు గడవాలి కదా. ఎప్పుడో నేర్చుకున్న హార్డ్‌వేర్ పని గుర్తొచ్చి ముజీబ్ భాయ్ దగ్గర చేరాను. చేరిన రోజే ఆయన నాకు "లెక్చరర్ సాబ్" అని పేరు పెట్టాడు. అందులో గౌరవం పావు వంతు, ఎగతాళి ముప్పావు వంతు.

ఆయన పద్ధతి విచిత్రంగా ఉండేది. ఆటల కోసం కంప్యూటర్ కావాలని వచ్చినవాళ్లు ముందుగా ప్రాసెసర్ పేరు చెబితే ఆయన వినేవాడు కాదు. "అది ఆఖరుకు. ముందు ఏ ఆట ఆడుతవో చెప్పు. తెర ఎంత పెద్దది? మీ వాడకు కరెంటు ఎట్ల వస్తది? ఎండకాలం డబ్బా ఏడ పెడతవ్?" అని వరసగా అడిగేవాడు. ఒకసారి పెగడపల్లి నుంచి వచ్చిన ఒకాయన విసుగెత్తి, "అవన్నీ ఎందుకు భాయ్, అన్నిటికన్న పెద్ద ప్రాసెసర్ ఇయ్యి" అన్నాడు. ముజీబ్ భాయ్ నింపాదిగా, "అత్తగారింటికి పోతానికి లారీ కొంటవా ఏంది?" అన్నాడు. వచ్చినాయన నవ్వి, కూర్చుని, అడిగినవన్నీ చెప్పి, తక్కువ ధర ప్రాసెసర్ తీసుకుని వెళ్లాడు. పెద్ద సరుకు అమ్ముకునే అవకాశం ముజీబ్ భాయ్ చేజేతులా వదులుకున్నాడని నేను లోపల గొణుక్కున్నాను.

అప్పట్లో నేను హేతువాద సభల్లో నలిగి, వాదించడమే బతుకనుకున్న మనిషిని. గాలిలోంచి విభూతి తీసే బాబాల గుట్టు వేదికల మీద విప్పి చూపేవాణ్ణి. అలాంటి నా ముందే ఒకాయన కొత్త కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు పెట్టి, డబ్బా మీద నిమ్మకాయ ఉంచాడు. నేను ఊరుకోగలనా? పావుగంట ఉపన్యాసం దంచాను. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాక ముజీబ్ భాయ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "నిమ్మకాయతోని మదర్‌బోర్డు కాలదు తమ్మి. నీ ఉపన్యాసంతోని గిరాకి మాత్రం పోతది" అన్నాడు. నాకు రోషం వచ్చింది. "మరి మీరు ఐదు పూటలా నమాజు చేస్తారు కదా, దానికేమిటి రుజువు?" అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. "నమాజుకు నేను పరీక్ష పెట్టను. ప్రాసెసర్‌కు పెడత. రెంటినీ కలపను" అన్నాడు. ఆ జవాబుతో నాకు ఆనాడూ ఒప్పుదల లేదు, ఈనాడూ లేదు. మనిషి మనసులో పరీక్షకు అందని గది ఒకటి తాళం వేసి ఉంచుకోకూడదనే నా నమ్మకం. అయితే నా మనసులోనూ అలాంటి గది ఉందని, దాని తాళంచెవి ఆయన దగ్గరే దొరుకుతుందని నాకప్పుడు తెలియదు.

నర్సయ్య దుకాణానికి వచ్చినప్పుడు ముజీబ్ భాయ్ ఊళ్లో లేడు, చెల్లెలి కూతురి పెళ్లికి నిజామాబాద్ వెళ్లాడు. నర్సయ్యది మెట్‌పల్లి. ఏడేళ్లు దుబాయిలో కట్టడాల దగ్గర బరువులు మోసి, నడుము చెడి తిరిగొచ్చినవాడు. నాలుగు కంప్యూటర్లతో ఆటల సెంటర్ పెడదామని ఆయన ఆలోచన. "గిది నడిస్తె ఈడనే ఉంట సార్. నడవకపోతె మల్ల విమానం ఎక్కుడే. నా నడుము ఇంకోసారి గా పని మొయ్యది" అన్నాడు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "మొన్న శిబిరంల మీరు మాట్లాడుతుంటె నిలవడి విన్న. లెక్కలు పెట్టి చెప్తిరి. మీరు ఏది అంటె గదే" అని కలిపాడు.

ఆ ఒక్క మాట నన్ను పాడుచేసింది. ఏ ఆట, ఏ తెర అని నేను అడగలేదు. అప్పుడే కొత్తగా వస్తున్న నాలుగు కోర్ల, అంటే లోపల నాలుగు మెదళ్లున్న, ప్రాసెసర్ గురించి శిబిరంలో మాట్లాడినట్టే మాట్లాడాను. రెండు కోర్లున్నది పాతదన్నాను, నాలుగున్నదే భవిష్యత్తు అన్నాను. ఆయన తెచ్చుకున్నదాంట్లో పెద్ద వాటా ప్రాసెసర్లకే అయిపోయింది. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకు ఏమీ మిగల్లేదు. "కార్డు తర్వాత చూద్దాం, ప్రాసెసరే ప్రాణం" అన్నాను. నాలుగు డబ్బాల ముందు భాగంలో ఆ కంపెనీ మెరుపు స్టిక్కర్లు నా చేత్తోనే అంటించాను.

సెంటర్ తెరిచిన మూడో రోజే నర్సయ్య ఫోన్ చేశాడు. పిల్లలంతా కార్ల రేసు ఆటే అడుగుతున్నారట. కారు మలుపు తిరిగేచోట బొమ్మ బిగుసుకుపోతోందట. నేను మెట్‌పల్లి వెళ్లి చూసి, "మీ వాడకట్టులో కరెంటు సరిగా లేదు" అన్నాను. స్టెబిలైజర్ పెట్టించాం, మారలేదు. అప్పుడు ఆట డిస్కులో లోపమన్నాను. ఆ తర్వాత వైరస్ అన్నాను. వారం తిరిగేసరికి పిల్లలు రావడం మానేశారు.

ముజీబ్ భాయ్ తిరిగొచ్చి అంతా విన్నాడు. మర్నాడు నేను దుకాణానికి వెళ్లేసరికి బల్ల మీద రెండు డబ్బాలు ఉన్నాయి. రెంటి మీదా సిరిసిల్ల తువ్వాళ్లు కప్పి ఉన్నాయి. ఒకటి నర్సయ్యకు నేను ఇప్పించినదాని లాంటిదే. రెండోది అంతే ఖర్చులో ఆయన కట్టింది. ఏది ఏదో చెప్పలేదు. కుర్చీ చూపించి, "కూసో. నాలుగు కోర్లది గెలుస్తది అంటున్నవ్ గద. ఏం కనవడితె నేను తప్పు అని ఒప్పుకుంటవ్? ముందుగాల అది చెప్పు" అన్నాడు.

"ఆడి చూస్తే తెలుస్తుంది కదా భాయ్."

"ఆడినంక నువ్వు కరెంటు అంటవ్, వైరస్ అంటవ్. ఆడకముందే చెప్పు."

నాకు చిరాకేసింది. అయినా, "ఏది మలుపుల్లో ఆగకుండా నడుస్తుందో అదే నాలుగు కోర్లది. కాకపోతే తప్పు నాదే" అన్నాను. రెంటిమీదా అదే ఆట ఆడాను. మొదటిది మలుపు మలుపుకూ ఊపిరి బిగబట్టింది. రెండోది నీళ్లలా జారింది. నేను కుర్చీలోంచి లేచి, విజయగర్వంతో రెండోదాన్ని చూపించాను. "ఇదిగో, ఇదే. తేడా తెలియడం లేదా?"

ముజీబ్ భాయ్ తువ్వాల తీశాడు. రెండోదానిలో ఉన్నది నేను పాతదన్న రెండు కోర్ల ప్రాసెసర్. పక్కనే చిన్న గ్రాఫిక్స్ కార్డు.

వాదన నా రక్తంలో ఉంది. వెంటనే, "ఇది ప్రాసెసర్ గెలుపు కాదు, కార్డు గెలుపు" అన్నాను.

"నర్సన్నకు గెలుపు కావాలె. ఎవలిదైతేంది?" అన్నాడు ఆయన. "మీది సాంచాల ఊరే గద. పైసలన్ని పెద్ద మోటరుకు పెట్టి నూలు కొనకపోతె బట్ట వస్తదా?"

ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు బాబాల గురించి చెప్తవ్ గద. తాయెత్తు పనిజెయ్యకపోతె ఏమంటడు బాబా?"

"నీ భక్తి చాలలేదంటాడు."

"నువ్వేమన్నవ్? నీ కరెంటు మంచిగలేదు అన్నవ్." నవ్వకుండానే అన్నాడు: "గా బొట్టు పెట్టినాయన నిమ్మకాయ పెట్టిండు. నువ్వు స్టిక్కర్ అంటించినవ్."

నా జీవితంలో నేను చాలా వాదనలు ఓడాను. ఓడిన ప్రతిసారీ అవతలివాడి తర్కంలో ఏదో ఒక చిల్లు వెతుక్కుని నిద్రపోయాను. ఆ రోజు చిల్లు దొరకలేదు. సంఖ్య పెద్దదైతే నిజం కూడా పెద్దదవుతుందని నేను నమ్మాను. నలుగురు చప్పట్లు కొట్టారు కాబట్టి నాకు తెలుసు అనుకున్నాను. ఇది మూఢనమ్మకం కాకపోతే మరేమిటి? పైగా బాబా దగ్గరికి వెళ్లేవాడికి ఆయన బాబా అనైనా తెలుసు. నర్సయ్య నా దగ్గరికి వచ్చింది నన్ను హేతువాది అనుకుని.

మర్నాడు బందు. బస్సుల్లేవు. కార్డులు, రెండు కోర్ల ప్రాసెసర్లు సంచిలో వేసుకుని ఇద్దరం ముజీబ్ భాయ్ స్కూటర్ మీద మెట్‌పల్లి బయలుదేరాం. దారిలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఉద్యమం రోజుల్లో రోడ్డు ఆపడానికి అది మా పద్ధతి. వాహనాలు ఆగుతాయి, ఆగినవాళ్లకు అన్నం దొరుకుతుంది. మాకూ విస్తళ్లు వేశారు. ఎవరో నన్ను గుర్తుపట్టి మైకు చేతికిచ్చారు. మాట్లాడాను, బాగానే మాట్లాడాను, చప్పట్లు కూడా పడ్డాయి. తిరిగొచ్చి కూర్చుంటే ముజీబ్ భాయ్ పప్పు కలుపుకుంటూ, "మస్తు మాట్లాడినవ్. నర్సన్న దగ్గర గూడ గింతే గట్టిగ మాట్లాడు" అన్నాడు. నిజానికి నేను దారంతా వేరే లెక్కలో ఉన్నాను. చప్పుడు చెయ్యకుండా సామాను మార్చేసి, "చిన్న లోపం, సరిచేశాం" అని చెప్పి వచ్చేద్దామనుకున్నాను. ఆయన కనిపెట్టేశాడు.

సెంటర్లో నర్సయ్యతో పాటు ఆయన మిత్రులు నలుగురైదుగురు ఉన్నారు. ఆటగాళ్లు లేరు. నేను నిలబడే చెప్పాను. "నర్సన్నా, తప్పు కరెంటుది కాదు, డిస్కుది కాదు, నాది. నువ్వు ఏ ఆట పెడతావో అడగకుండా నీకు ప్రాసెసర్ అంటగట్టాను. ఆ తర్వాత వారం రోజులు వంకలు చెప్పాను."

ఆయన వెంటనే క్షమిస్తాడని నేను ఎదురుచూసినట్టున్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "వారం దినాలు సార్! గా కరెంటోళ్ల ఆఫీసుకు పోయి లొల్లి పెట్టుకున్న. పోయిన పోరగాళ్లను ఏ మొకం పెట్టుకొని పిలవాలె? మీరన్నరని నేను ఇంట్ల ఎవ్వలి మాట ఇనలే." ముజీబ్ భాయ్ నన్ను వెనకేసుకురాలేదు. నేల మీద కూర్చుని మొదటి డబ్బా స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి నర్సయ్యే వచ్చి టార్చిలైటు పట్టుకున్నాడు. నాలుగు కోర్ల ప్రాసెసర్లు దుకాణానికి తిరిగొచ్చాయి. ఆ నష్టం గురించి ముజీబ్ భాయ్ నాతో ఎన్నడూ ఎత్తలేదు.

కొందరు పిల్లలు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. సెంటర్ ఏడాదికి పైగా నడిచి మూతపడింది. నర్సయ్య మళ్లీ విమానం ఎక్కాడు. బందులు కారణమా, ఫోన్లలోకి ఆటలు రావడం కారణమా, నేను పాడుచేసిన ఆ మొదటి వారం కారణమా, చెప్పలేను. ఆ వారం కారణం కాదని కూడా చెప్పలేను. నడుము నొప్పి మనిషి మళ్లీ బరువుల దగ్గరికి వెళ్లిన లెక్కలో నా వాటా ఎంతో తేల్చే పరీక్ష ఏదీ నాకు దొరకలేదు.

ఇప్పుడు నేను చర్చలకు వెళ్లినప్పుడు, ఏం చూపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటానో ముందే చెప్పి మొదలుపెడతాను. ప్రత్యర్థి చేతికి కత్తి ఇస్తున్నావని మిత్రులు కోప్పడతారు. ఇవ్వనివాడికి చర్చ ఎందుకు, భజన చేసుకోవచ్చు కదా అంటాను.

నర్సయ్యతో స్నేహం ఎట్లాగో నిలిచింది. ఆయన నన్ను పూర్తిగా క్షమించాడో లేదో నేనడగలేదు. దుబాయిలోని తన గదిలో, సెలవు రోజు ఫోనులో నా వ్యాసాలు చదువుతాడు. చదివి ఫోన్ చేస్తాడు. బాగుందనో బాగాలేదనో అనడు. మొదటి మాటే, "సార్, గిది చూసి రాసిండ్రా, చూడకుండ ఊకెనే రాసిండ్రా?" అని అడుగుతాడు.

చాలాసార్లు చూసే రాస్తాను. పోయిన నెల మాత్రం ఒక వ్యాసం గురించి అడిగినప్పుడు, "ఊకెనే రాసిన నర్సన్నా" అన్నాను.

"అయితె మల్ల రాయుండ్రి" అన్నాడు. మళ్లీ రాస్తున్నాను.